రేపల్లె కారు, చమ్కీ రంగు

బావా,

అక్క బాగానే ఉంది. నువ్వు పోయాక మన తెనాలి షెడ్డులో చమ్కీ రంగు అడిగేవాళ్లే తగ్గిపోయారు. ఇవాళ రేపల్లె డాక్టరు గారి కారు వచ్చింది. నీలంలో వెండి చమ్కీ కలిపి నువ్వు కొట్టిన ఆఖరి కారు. తలుపు గీసుకుపోయింది.

"ఇంక కారంతా తెలుపు కొట్టెయ్యండి" అన్నారాయన.

నాకు ప్రాణం ఉసూరుమంది. నీడలో రంగు చూపించడం నీకు ఇష్టముండేది కాదుగా, అందుకని కారు ఎండలోకి తీయించాను. బానెట్టంతా మెరిసింది.

కూడా వచ్చిన వాళ్లావిడ అంది: "ఏవండీ, తెల్లకార్లు ఊరినిండా ఉన్నాయి. దీన్నైతే బాపట్లలో మావాళ్లు వీధి చివరే గుర్తుపడతారు."

ఆయన నవ్వి తలుపొక్కటే చెయ్యమన్నారు.

రేపు స్ప్రే గన్ను నేనే పడతాను. నీ అంత కుదరదు బావా. కుదరకపోతేనే మంచిదిలే, మిగతా కారంతా నీ చేతిదని తెలుస్తుంది.