ఫోను నడిచిన అడుగులు

సూర్యాపేట,
29-11-2020, ఆదివారం.

అమ్మకు దండాలతో ప్రేమ్‌కుమార్ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, నీ కోడలు శైలజా బాగానే ఉన్నాం, నా నడుము తప్ప. మిర్యాలగూడలో నువ్వూ, గోపాలన్నయ్య వాళ్లూ కులాసా అని తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని అడిగావు. ఫోన్‌లో నీకు వినబడాలంటే నేను అరవాలి. ఈసారి మా వీధికి వినబడకూడని సంగతి ఒకటుంది. కాస్త ఓపిక పట్టు, చివర్లో చెబుతాను.

"కరోనా అని బడి మూసిండ్రు గద, డ్రిల్ సారువు, నీకేం పని?" అని కూడా రాశావు. సరిగ్గా ఇదే మాట మా కరస్పాండెంట్ గారూ అన్నారు. "లెక్కల సారు ఫోన్ల లెక్కలు చెప్తడు. నువ్వు ఫోన్ల ఏం ఉరికిస్తవయ్యా? ఏదన్న జేసి సూపియ్యి, లేకుంటే నెలాఖరుకు ఖతం" అన్నారు. అందుకే పొద్దున ఏడింటికి ఆన్‌లైన్‌ డ్రిల్ మొదలుపెట్టాను.

మొదటి రోజు అలవాటు కొద్దీ విజిల్ ఊదాను. ముప్పై ఇళ్లలో ముప్పై ఫోన్లు ఒక్కసారి కూశాయి. ఒక నానమ్మ తెర మీదికొచ్చి, కుక్కర్ దించాలని వంటింట్లోకి ఉరికితే స్టవ్వే ముట్టించి లేదట, అరగంట తిట్టింది. చేతులు పైకెత్తమంటే కొందరి ఫోన్లలో సీలింగ్ ఫ్యాన్లే కనబడేవి. నెట్‌వర్క్ నిదానం వల్ల నేను ఎడమకు తిప్పినప్పుడు సగం మంది ఇంకా కుడివైపే ఉండేవారు. ఇక నా సంగతంటావా, ఒకరోజు వంగి కాలివేళ్లు ముట్టుకోవడం చూపిస్తుంటే నడుము పట్టేసి అలాగే ఉండిపోయాను. పిల్లలు పావుగంట సేపు నాతోపాటు వంగే ఉన్నారు పాపం. శైలజ వచ్చి, కోదాడ మాట కదా, "ఏవండీ, క్లాసయిపోయినట్టుంది, ఇంకా లేవరేంటి?" అంది. నడుము సంగతి అదీ.

ఆ తర్వాత తెలివి తెచ్చుకుని, ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టుకోమన్నాను. సాయంత్రానికి ఎన్ని అడుగులయ్యాయో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాలి. అందరికీ రెండు వేలు, మూడు వేలు. ఏడో తరగతి లహరికి మాత్రం ఇరవై ఆరు వేలు! మర్నాడు ఇరవై ఎనిమిది. కరస్పాండెంట్ గారు మురిసిపోయి లహరి ఫొటోతో గేటుకు ఫ్లెక్సీ కట్టించారు. ఫోన్ చేసి, "డ్రిల్ సారంటే నువ్వేనయ్యా" అన్నారు. నేనూ కాలరెగరేశాను.

ఆ వారమే శైలజ తమ్ముడు వడ్లు తెస్తే మార్కెట్ యార్డుకు వెళ్లాను. అక్కడ బస్తా మోస్తూ లహరి తండ్రి రెడ్యా కనబడ్డాడు. హమాలీ పని ఆయనది. చొక్కా జేబులో పాలిథిన్ కవరు చుట్టిన ఫోను. ఆ ఇంటికి అదొక్కటే ఫోను. అది ఎనిమిదింటికి ఆయనతో యార్డుకు వస్తుంది. అందుకే లహరి వినే క్లాసు నాదొక్కటే.

నన్ను చూసి బస్తా దించి నవ్వుతూ వచ్చాడు. "సార్, ఫోన్‌ను మంచిగ నడిపించమన్నరంట గద. పొద్దంతా నడిపిస్తున్న. పనైనంక గూడ యార్డు సుట్టూ రెండు సుట్లు కొట్టే ఇంటికి పోతున్న, మా పాపకు తక్కువ రావొద్దని."

దినమంతా మూటలు మోసిన మనిషి, నేనిచ్చిన హోంవర్కు కోసం మళ్లీ నడుస్తున్నాడు. ఆ రెండు చుట్లు వద్దని చెప్పాలి. చెబితే లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే నా ఉద్యోగం పోతుంది. "శభాష్ రెడ్యా" అని వచ్చేశాను. మూడు వారాలు నోరు విప్పలేదు. ఆ రోజుల్లో అన్నం తింటుంటే కూడా ఆయన నడుస్తున్నట్టే ఉండేది. నీ కొడుకు చేసిన పని ఇది. సిగ్గుతో రాస్తున్నాను.

శుక్రవారం ఆన్‌లైన్‌లోనే తల్లిదండ్రుల మీటింగు, లహరికి బహుమతి. కరస్పాండెంట్ గారు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. తెర మీద లహరి, పక్కన తల దువ్వుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్న రెడ్యా. ఇక నావల్ల కాలేదు. ఆ అడుగులు లహరివి కావనీ, వాళ్ల నాన్నవనీ, నాకు ముందే తెలుసనీ, తప్పు నాదేననీ అందరి ముందూ చెప్పేశాను.

రెడ్యానే మెల్లగా అడిగాడు, "అయితే మా పాపకు సున్నా ఏస్తరా సార్?"

లహరి అందుకుంది. "నేను పొద్దున క్లాసు రోజూ జేసిన సార్. అడుగులే మా నాయినవి."

సాయంత్రానికి ఫ్లెక్సీ దించారు. ఒకటో తారీఖు నుంచి నన్ను రావద్దన్నారు. ఇదమ్మా, నేను అరవలేని సంగతి. శైలజకు చెప్పాను. "ఇన్నాళ్లు దాచారా?" అని తిట్టింది, తర్వాత కూర వేసింది. అన్నయ్యకు మాత్రం నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు.

ఇవాళ పొద్దున బడి సర్టిఫికెట్ ఒకటి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. నడకలో ప్రథమ బహుమతి, రెడ్యా అని రాసి ఇచ్చాను. లహరి చదివి వినిపిస్తే రెడ్యా ఒప్పుకోలేదు. "నాకెందుకు సార్, పాప పేరు రాయి" అన్నాడు. లహరేమో "నేను నడువలే, నాయిన పేరే ఉండనియ్యి" అంది. తండ్రీ కూతుళ్లు నా ముందే పోట్లాడుకున్నారు. చివరికి రెడ్యా పేరు పక్కన లహరి పేరు కూడా రాసి, ఇద్దరి ఎదుటా సంతకం పెట్టాను. కింద ఇవాళ్టి తారీఖు వేశాను. ఒకటో తారీఖుకు ఇంకా రెండు రోజులున్నాయి, కాబట్టి ఆ సంతకం చెల్లుతుందమ్మా.

ఇట్లు,
తప్పు చేసి ఒప్పుకున్న నీ చిన్న కొడుకు,
ప్రేమ్‌కుమార్