అద్దం లేని పటం

నేపర్‌విల్, అమెరికా

చెల్లెమ్మ సుభద్రకు దీవెనలు. నా ఒంటికేం ఢోకా లేదు.

పక్కింటి రష్యా ఆవిడ ఊరెళ్తూ మొక్కలకు నీళ్లు పోయమంది. వాళ్లింట్లో గోడమీద నూరేళ్లనాటి నూనెరంగుల పటం. ఆవిడ తాత తన పెళ్లాం, బిడ్డలు భోజనానికి కూర్చున్నట్టు గీశాడట. పోయినవాళ్లకు బొట్టు లేకపోతే ఎలా అని, శుక్రవారం ఆ తల్లి నుదుట కుంకుమ తడిపి పెట్టాను. పటానికి అద్దం లేదని చూసుకోలేదు. కుంకుమ కారిందని తుడిస్తే ముఖం రంగే లేచొచ్చింది.

"మా నానమ్మకు ఇంకో బొమ్మ లేదు" అని ఆవిడ ఏడ్చిందట, మా అమ్మాయి ఉమ చెప్పింది. తప్పయిందనడం మన ఇంటా వంటా లేదు. ఇప్పుడు ఆవిడ ఎదురైతే తల దించుకుంటున్నాను.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అమ్మ ఫోటో అద్దం పగిలిందన్నావు. కొత్తది వేయించేదాకా బొట్టు పెట్టకు.

పిల్లలకు ఆశీస్సులు.

భీమశంకరం