ఒకేసారా, నెలనెలానా

ఐసుగడ్డ శ్రీవారికి,

మీ కత్తెర రాస్తున్నది. ఫోన్‌లో చెబుదామంటే ఓడ మీద సిగ్నలు మీ మాటల్లో సగం మింగేస్తుంది, మిగతా సగం మీరే మింగేస్తారు. అందుకని మీ కంపెనీ ఏజెంటుకు పంపుతున్నాను, వచ్చే రేవులో మీ చేతికిస్తారట. చదివాక ఏ కోల్డ్‌రూములోనో దూరి మరమ్మతు వంక పెట్టకుండా జవాబు రాయండి.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అత్తయ్యకు మోకాలినొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నేను కుట్టు నేర్పే వీడియో తీస్తుంటే వెనకనుంచి "ఆ మెడ వంకర పోయిందే" అని అరుస్తుంది. అదీ అందులో పడుతోంది. చూసేవాళ్లకు నా కుట్టు కంటే ఆవిడ అరుపులే ఎక్కువ నచ్చుతున్నట్టున్నాయి.

సంగతేమిటంటే, నా వీడియోల కింద ఒక లింకు పెడతాను కదా, కుట్టు నమూనాలు పెట్టే సైటుది. నా లింకు నొక్కి ఎవరైనా చందా కట్టి చేరితే నాకు కొంత కమిషన్ ఇచ్చేవారు. ఇప్పుడు పద్ధతి మార్చి, రెండింట్లో ఒకటి ఎంచుకోమన్నారు. మొదటిది, మనిషి చేరగానే మూడు నెలల చందా అంత డబ్బు ఒకేసారి ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆ మనిషి ఉన్నా పోయినా నాకేం రాదు. రెండోది, ఆ మనిషి చందా కడుతున్నంత కాలం అందులో పావు వంతు నెలనెలా నాకు. ఏడాది నిలిస్తే రెండూ సమానం, ఏడాది దాటితే నాకు లాభం, ముందే మానేస్తే నష్టం. ఒకసారి ఎంచుకున్నాక ఏడాది దాకా మార్చుకోవడానికి లేదు.

వాళ్ల మేనేజరు ఫోన్ చేసి, "జనం నాలుగో నెలకే జారుకుంటారు మేడమ్, ఒకేసారి తీసేసుకోండి" అన్నాడు. అత్తయ్యేమో, "ముక్కూ మొహం తెలియనివాళ్లు నీకు నెలనెలా ఎందుకిస్తారే, వాళ్లేమన్నా మనకు బాకీ ఉన్నారా, చుట్టాలా" అంటుంది. నాకు ఎటూ తేలడం లేదు.

ఇంకో మాట. మన వీధి మలుపులో మూసేసిన ఫొటో స్టూడియో అద్దెకిస్తున్నారు. ఓడ దిగిపోయి సొంతంగా ఫ్రిజ్ రిపేరు షాపు పెడతానని మీరు అంటూనే ఉన్నారు కదా. దానికి అడ్వాన్సు కట్టాలి. ఒకేసారి పద్ధతి తీసుకుంటే మీ కాంట్రాక్టు అయ్యేలోగా ఆ డబ్బు కూడుతుంది, నెలనెలా అయితే కూడదు. అందుకే అడుగుతున్నాను. 

మీరు వెళ్లిన దగ్గర్నుంచి మంచం మీద మీ వైపు నేను పడుకుంటున్నాను. ఖాళీగా కనబడేది నా వైపైతే అంత దిగులనిపించదు. అత్తయ్యకు మాత్రం ఫ్యాను గాలి అటే బాగా వస్తుందని చెప్పాను.

మీరు పెట్టిన పేరే,
కత్తెర


కత్తెరకి,

ఉత్తరం అందింది. ఇందులో అంత ఆలోచించడానికేముంది? ఒకేసారి తీసుకో. ఎవరో ఎక్కడో చందా కడతారా మానేస్తారా అని నెలనెలా ఎదురుచూస్తూ కూర్చోవడం మనవల్ల కాదు. చేతికొచ్చాక ఇక బెంగ లేదు. అడ్వాన్సు కట్టెయ్, నేను దిగిపోతాను.

అడ్వాన్సు కుదరకపోతే ఇంకో కాంట్రాక్టు తప్పదు. ఇక్కడే కొనసాగితే చివర్లో బోనసు పెద్ద మొత్తం ఇస్తామని కెప్టెన్ కాగితాలు ముందు పెట్టాడు. ఏదో ఒకటి చెప్పమని వెంటపడుతున్నాడు.

మాంసం దాచే చల్లగది మళ్లీ మొరాయించింది. వంటాయన నా ప్రాణం తోడేస్తున్నాడు. అమ్మను అడిగానని చెప్పు. వేళకి తిను.

ఐసుగడ్డ


శ్రీవారికి,

కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా ఇక్కడికి కనబడదు కాబట్టి నాకేం ఫరవాలేదు. నేను నెలనెలా పద్ధతే ఎంచుకున్నాను. పొరపాటున కాదు. మీ ఉత్తరం చదివి, మడిచి, టీ తాగి, మళ్లీ చదివి, తెలిసే ఎంచుకున్నాను.

అసలు మీరు ఇంటికి ఎలా వస్తారో మీకెప్పుడైనా తెలిసిందా? ఒకేసారి వస్తారు. రెండు నెలలు ఇల్లంతా మీరే. కారే కుళాయిలన్నీ బిగిస్తారు, వద్దంటున్నా చీరలు కొంటారు, ఏడాదికి సరిపడా ముద్దు చేస్తారు. ఆ తర్వాత పది నెలలు ఏమీ లేదు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను మిమ్మల్ని అలాగే తీసుకుంటున్నాను. కళ్లు కాయలు కాచాయండీ, ఇక నావల్ల కాదు. నాకు మీరు రోజూ కొంచెం కావాలి. సాయంత్రం వచ్చి చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలేసి, "ఇంకా వంట కాలేదా" అని విసుక్కునే మొగుడు కావాలి. మాట్లాడకపోయినా సరే, పక్కగదిలో మీరు దగ్గితే ఇటు వినబడితే చాలు.

ఇంత వలపోసి, చేజేతులా నన్ను రాకుండా చేసుకున్నావేమిటే అంటారు. అడ్వాన్సు లేదు కాబట్టి మీరు సంతకం పెడతారని నాకు తెలుసు. కానీ అడ్వాన్సు కట్టామే అనుకోండి, తర్వాత సామాను కొనాలంటారు, దానికి మళ్లీ పెద్ద మొత్తం కావాలంటారు, మళ్లీ ఓడెక్కుతారు. మొదట మీ చెల్లెలి చదువు, ఆ తర్వాత ఇంటి పైకప్పు, పోయినసారి మా నాన్నగారి ఆపరేషన్. ప్రతిసారీ ఒక పెద్ద మొత్తం, దానికోసం మనకో ఏడాది. ఏవీ తప్పుడు ఖర్చులు కావు, అందుకే ఇన్నాళ్లూ నోరెత్తలేదు. నెలనెలా వచ్చేది గోరంతే కావచ్చు, కానీ దానికోసం ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అది ఎంతకాలానికి సరిపడా పెరుగుతుందో నాకూ తెలియదు. భయంగానే ఉంది.

నా తెలివి ఎలాంటిదో ఇదీ వినండి. పద్ధతి మారిన కొద్దిరోజులకే, నా లింకుతో చేరిన ఒక నర్సమ్మ రాసింది, పాపకు గౌను కుట్టడం వచ్చేసింది, ఇంకా చందా కట్టాలా అని. నేను అలవాటు కొద్దీ, "వచ్చేసిందిగా, ఇంకెందుకమ్మా డబ్బు దండగ, మానెయ్" అని రాసేశాను. పాత పద్ధతిలో అలా చెప్పినా నాకు పోయేదేమీ లేదు. ఇప్పుడు నా పావు వంతుకు నేనే గండికొట్టుకున్నానని పంపాక గానీ తట్టలేదు. అత్తయ్యకు చెబితే పడీ పడీ నవ్వింది. "వ్యాపారం నేర్చుకోవే తల్లీ" అంది.

మానేసింది కూడా. రోజూ పొద్దున్నే ఎవరున్నారు, ఎవరు పోయారు అని చూసుకోవడం పనైపోయింది నాకు. పోయినవారం ఆ నర్సమ్మే మళ్లీ చేరింది. ఈసారి చొక్కా కాలరు నేర్చుకుంటుందట, తనతో పనిచేసే ఇంకో ఇద్దర్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. వెళ్లిన మనిషి తనంతట తాను తిరిగి రావడం చూసేసరికి ఏడుపు ఆగలేదు. ఆవిడెవరో నాకు తెలియను కూడా తెలియదు. మీరే గుర్తొచ్చారు.

ఇక మీ ఇష్టం. సంతకం పెట్టినా తప్పు పట్టను. పెట్టినట్టు ఫోన్‌లో మాత్రం చెప్పకండి, ఉత్తరంలో రాయండి. అత్తయ్య ఎదురుగా నేను ఏడవలేను.

మీ
కత్తెర


కత్తెరకి,

ఫోన్‌లో చెప్పొద్దన్నావని రాస్తున్నాను. నీ ఉత్తరం అందేసరికే నేను సంతకం పెట్టేశాను.

నీ జవాబు కోసం ఆగలేదు. బోనసుతో అడ్వాన్సూ, సామానూ అన్నీ ఒకేసారి అయిపోతాయని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు ఒకేసారి పద్ధతి తీసుకున్నా కూడా పెట్టేవాణ్నే. నువ్వు ఎంత బాగా కనిపెట్టావో చూసి సిగ్గేసింది.

నిజం చెబుతాను. షాపన్నది ఒట్టి వంక. నాకు ఇంట్లో మొదటి నెల తెలుసు, రెండో నెల తెలుసు. మూడో నెల ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు. బిగించాల్సిన కుళాయిలన్నీ అయిపోయాక ఆ ఇంట్లో నేనెందుకు పనికొస్తాను? తెచ్చిన డబ్బు అయిపోయాక నా మొహం చూస్తే నీకు విసుగొస్తుందేమో. ఓడలో చల్లగదుల మధ్య ఒక్కణ్నే కూర్చుంటే ఇలాంటివే తోస్తాయి. పెద్ద మొత్తం చేతిలో లేకుండా నీ ముందుకు రాకూడదనుకున్నాను. సంతకం పెడుతున్న ప్రతిసారీ నిజానికి భయంతోనే పెట్టాను.

పక్కగదిలో దగ్గితే చాలన్నావు. అక్కడ ఆగిపోయాను, మిగతాది అప్పటికప్పుడు చదవలేకపోయాను. మాంసం గది అలారం మోగుతున్నా వినబడలేదు. వంటాయన తిట్టుకుంటూ వచ్చి, నా మొహం చూసి, తనే వెళ్లి ఆపుకున్నాడు.

కెప్టెన్ దగ్గరకు వెళ్లి కాగితం వెనక్కి ఇమ్మన్నాను. పిచ్చి పట్టిందా అన్నాడు. బోనసు పోయింది, ఇంటిదాకా టిక్కెట్టు నా జీతంలోనే పట్టుకుంటారు. షాపు లేదు. స్కూటరు మీద పనిముట్ల పెట్టె కట్టుకుని ఇంటింటికీ తిరిగి ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. ఏ రోజు సంపాదన ఆ రోజు తెస్తాను. ఏమీ తేలేని రోజు నీ పావు వంతుతో గడుపుకుందాం. మూడో నెలలో నామీద విసుక్కోవాలనిపిస్తే విసుక్కో, దాచుకోకు.

వచ్చే రేవులో దిగిపోతున్నాను. ఈ ఉత్తరం ఇప్పుడున్న రేవులోనే పోస్టు చేస్తున్నాను గానీ, ఇది చేరేలోగా నేనే చేరతానేమో. అదే జరిగితే, పోస్టుమాన్ తలుపు కొట్టినప్పుడు నువ్వు మిషను మీంచి లేవకు. నేను తీస్తాను.

నీ
ఐసుగడ్డ