ఎడమ తలుపు మీద సొట్ట

అక్కా,
అమ్మ ఆరోగ్యం బాగానే ఉంది, కంగారు పడకు. నాన్న స్పోర్ట్స్ కారు ఎట్టకేలకు తయారైంది. రెండేళ్లు గ్యారేజీలో తుప్పు గీకి గీకి నా వేళ్లు అరిగాయి. ఆదివారం అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కారు ముందు నిలబెట్టాను. చూపు పోయాక ఆవిడ ఏదైనా తడిమే కదా పోల్చుకుంటుంది. ఎడమ తలుపంతా రెండుసార్లు తడిమింది. చిన్నప్పుడు నీ సైకిలు హ్యాండిలు గుద్దుకున్న సొట్ట కోసం వెతుకుతోందని నాకు ఆలస్యంగా వెలిగింది. ఆ సొట్టను నేనే సాపు చేసి, లప్పం పెట్టి, పైన రంగు వేశాను.

"అమ్మేశానని చెప్తే పోయేదిగా! ఎవరి బండో తెచ్చి చూపిస్తావేంట్రా?" అంది. ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నమ్మలేదు. భోజనం చేస్తోంది గానీ నాతో మాటల్లేవు.

మోకాళ్ల నూనె అయిపోయింది, ఒక సీసా పంపు. ఆ సైకిలు ఇప్పుడు మీ చిన్నది తొక్కుతోందిగా, హ్యాండిలు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాయి. సరిగ్గా అక్కడే మళ్లీ సొట్ట పెట్టాలి. సుత్తి తీసి పెట్టుకున్నాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ జవాబు వచ్చేదాకా అమ్మ లెక్కలో నేను నాన్న బండి అమ్ముకున్నవాణ్ని.

తమ్ముడు