పెద్ద రాయి ఉంగరం

గురువారం, రఘునాథపల్లి

మనవరాలు సింధుతో జనగామలో మూడు బంగారు దుకాణాలు తిరిగి వచ్చాను. మోకాళ్లు పట్టేశాయి. నిశ్చితార్థానికి మహబూబాబాద్ వాళ్లు పెట్టిన ఉంగరంలో రాయి చిన్నదట. తన స్నేహితులు నవ్వారని, పెళ్లిలోపు పెద్దది చేయించుకొమ్మని పెళ్లికొడుకు వంశీయే చెప్పాడు. ఖర్చు మాత్రం మాది.

ఎంత రాయి నప్పుతుందో తెలియడానికి చూపించిన ప్రతి ఉంగరాన్నీ సింధు వేలికి పెట్టుకొని చూసింది. తీసిన వెంటనే పాతది తొడుక్కుంది. నేను తరుగు, మజూరీ అడిగి రాసుకుంటూ ఉన్నాను. మూడో దుకాణంలో పాతది తూకానికి ఇమ్మన్నారు.

"తూకమెందుకన్నా? రాయి మార్చుడే కదా?" అంది సింధు.

"గీ పెద్ద రాయి దీంట్ల కూసోదమ్మా. దీన్ని కరగబెట్టి కొత్తది చేస్తం."

సింధు చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మమ్మా, ఇంటికి పోదాం."

"మూడు దుకాణాలు తిప్పి గిప్పుడు చెప్తవా?" అని కసిరాను.

"తరుగెంతని అడిగినవ్ గని, నాకేది నచ్చిందని ఒక్కసారన్న అడిగినవా?"

దుకాణదారు నవ్వు ఆపుకున్నాడు. నేను లెక్కల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బస్సులో సింధు పాత ఉంగరం ఉన్న తన చేతిని ఫోటో తీసి, తనకు ఇదే చాలని వంశీకి పంపింది. అతను చూశాడు, బదులివ్వలేదు. ఇంటికొచ్చాక సింధు అన్నం వద్దని పడుకుంది.

రాయి మాట చిన్నదే అనుకున్నాను. పెళ్లయ్యాక ఈ పిల్లలో ఇంకేమేమి చిన్నగా కనిపిస్తాయో అతనికి...

పొద్దున్నే ప్రెస్సుకు ఫోన్ చేసి పెళ్లి కార్డుల అచ్చు ఆపమనాలి. ఆ అబ్బాయి జవాబు వచ్చాకే అచ్చు సంగతి.