గూడబాతులొస్తే పండగట

మంగళవారం రాత్రి

పెద్దవాళ్ల కోసం పెట్టిన ఇంగ్లీషు క్లాసులో ఇవాళ గూడబాతుల పాఠం. "ఈ పక్షులు వాలితే ఊరివాళ్లు ఏం చేస్తారు?" అని ప్రశ్న. తడుముకోకుండా సొంతంగా రాశాను: మా చేపల చెరువు మీద వాలితే టపాకాయలు కాల్చి తరిమేస్తాం, లేకపోతే చేపలు మిగలవు, అని. సార్ ఒక్క తప్పూ పట్టలేకపోయారు. అయినా సున్నా వేశారు!

"ఊరివాళ్లు సంతోషిస్తారని పాఠంలో ఉంది కదండీ."

"ఒకసారి మా పెదపాడు రండి సార్, చూద్దురుగాని."

"పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లు పెదపాడు రారండీ."

ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లకి నా మాట ఇంగ్లీషులో చెప్పగలిగితే, ఆ మాటే వద్దట.

శనివారం పరీక్ష. ఇందాకట్నుంచి "పక్షులొస్తే మాకు పండగ" అని ఇంగ్లీషులో బట్టీ పడుతున్నాను. రేపు పొద్దున్నే చెరువు గట్టు మీద టపాకాయలు కాల్చే వంతు నాదే.