చచ్చిందన్న ల్యాప్‌టాప్ గురించి

గద్వాల, 2008

ఖాసింకు నీ మేనత్త దువా.

నేను చెప్తున్న, నా కోడలు జైనబి రాస్తుంది. పత్తి మిల్లోళ్లు పారేసిన ల్యాప్‌టాప్‌ల లైనక్స్ ఎక్కిస్తే జైనబికి నీ కంప్యూటర్ దుకాణంల నౌకరి ఇస్తనంటివి. నువ్వు పంపిన సీడీ పెట్టి నాలుగుసార్లు చూసింది. ఒక్కోసారి ఒక్కోకాడ ఆగి తెర నల్లగైంది. ఫోన్ చేస్తే "అది చచ్చింది, నౌకరి మాట మర్చిపో" అంటివంట. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలే.

నాకు అక్షరం రాదు. కానీ దూదేకులోళ్ల ఇంట్ల పుట్టిన. ల్యాప్‌టాప్ కింద చెయ్యి పెడితే పెనం లెక్క కాలుతుంది, లోపటి ఫ్యాన్ చప్పుడే లేదు. మిల్లుల ఉన్నదానికి ఏం పట్టుంటదో నాకు తెల్వదా? విప్పిచ్చి, బొంతలు కుట్టే దబ్బనంతోటి గుంజితే పిడికెడు దూది ఎల్లింది. మళ్ల సీడీ పెడితే ఆఖరిదాక ఎక్కింది. ఈ ఉత్తరం గూడ జైనబి దాంట్లనే కొడుతుంది, అచ్చు తీయిచ్చి పంపుతం. అంత చదివినోనివి, జర చెయ్యి పెట్టి చూడమని చెప్పలేకపోతివా?

సోమవారం జైనబి వస్తది, కుర్చీ ఖాళీగ పెట్టు. ఎంబడి నేను గూడ వస్త, దబ్బనం పట్టుకొని. నీ దుకాణంల డబ్బాలు ఊపిరి ఎట్ల తీస్తున్నయో చూడాలె.

వేలిముద్ర,
నీ మేనత్త